హిస్టోన్ సవరణ ఎంజైముల రసాయనిక ఉత్తేజనం – జీడిపిక్క పెంకు నుంచి పంటచేను వరకు

సారాంశం

జన్యువుల పనితీరును నియంత్రించే హిస్టోన్ సవరణ ఎంజైములను చిన్న రసాయన అణువులతో ఉత్తేజపరచడం జీవరసాయన శాస్త్రంలో ప్రధాన పరిశోధనాంశంగా ఉన్నది. ఇటువంటి ఎంజైములను అడ్డుకొనే నిరోధకాలు అనేకం లభిస్తుండగా, వాటిని చురుకుపరచే ఉత్తేజకాలు బహుకొద్ది మాత్రమే వెలుగులోకి వచ్చాయి. జీడిపిక్క పెంకులోని ఆమ్లం నుంచి రూపొందిన పి300 ఉత్తేజకం, రెస్వెరట్రాల్ చుట్టూ సాగిన వివాదం, ఎసిటిక్ ఆమ్లం వలన మొక్కలకు కలిగే బెట్ట సహనం అనే మూడు ఉదాహరణల ఆధారంగా, ఒక పదార్థాన్ని నిజమైన ఉత్తేజకంగా అంగీకరించడానికి ఎటువంటి నిదర్శనాలు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది. పంటలపై పిచికారీ చేసే జీవ ఉత్ప్రేరకాల గురించి వెలువడే ప్రకటనలను పరీక్షించడంలో ఈ అవగాహన వ్యవసాయ పరిశోధకులకు ఉపకరిస్తుంది.

పరిచయం

వరి మొక్కలోని వేరు కణానికీ, ఆకు కణానికీ వారసత్వంగా అందిన డి.ఎన్.ఏ. ఒక్కటే. అయినప్పటికీ వేరు నేల నుంచి నీటిని, లవణాలను గ్రహిస్తుంది; ఆకు సూర్యరశ్మితో పిండిపదార్థాన్ని తయారుచేస్తుంది. బెట్ట ఏర్పడిన నాడు అవే కణాలు అంతవరకు నిద్రాణంగా ఉన్న జన్యువులను మేల్కొలిపి, పనిచేస్తున్న కొన్ని జన్యువులను నిలిపివేస్తాయి. ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత మేరకు పనిచేయాలన్న నిర్ణయంలో డి.ఎన్.ఏ.ను చుట్టి ఉంచే హిస్టోన్ ప్రోటీన్లకు ముఖ్యమైన పాత్ర ఉన్నది.

హిస్టోన్లకు ఎసిటైల్ సముదాయాలు చేరడానికీ, జన్యువులు చురుకుగా పనిచేయడానికీ సంబంధం ఉన్నదని 1964లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన విన్సెంట్ ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదన బలపడడానికి 32 సంవత్సరాలు పట్టింది. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం టెట్రాహైమినా అనే ఏకకణ జీవి నుంచి ఎసిటైల్ సముదాయాన్ని చేర్చే ఎంజైమును వేరుచేసి, అది ఈస్టులోని జి.సి.ఎన్.5 ప్రోటీనును పోలి ఉన్నదని కనుగొన్నది. జి.సి.ఎన్.5 జన్యువులను పనిచేయించే ప్రోటీనుగా అప్పటికే పరిచితం. అదే సంవత్సరం స్టూవర్ట్ ష్రైబర్ ప్రయోగశాల ఎసిటైల్ సముదాయాన్ని తొలగించే ఎంజైమును గుర్తించింది. అది జన్యు నియంత్రణలో పాల్గొనే ఈస్టు ప్రోటీను ఆర్.పి.డి.3కి దగ్గరి బంధువు. ఈ రెండు ఆవిష్కరణలతో, హిస్టోన్లపై గుర్తులు పెట్టే ఎంజైములే జన్యు నియంత్రణలోనూ పాలుపంచుకుంటాయని స్పష్టమైంది. ఆ ఎంజైములను బయటి నుంచి రసాయనాలతో అదుపు చేయవచ్చునా అన్న ప్రశ్న సహజంగానే తరువాత వచ్చింది.

హిస్టోన్లు – వాటిపై గుర్తులు

2005లో ప్రచురితమైన వరి జన్యుపటం ప్రకారం ఒక క్రోమోసోముల సమితికి, అనగా 12 క్రోమోసోములకు కలిపి, సుమారు 38.9 కోట్ల క్షార జంటలు ఉన్నాయి. ఒక్కొక్క జంటకు 0.34 నానోమీటర్ల పొడవు చొప్పున లెక్కిస్తే అది దాదాపు 13 సెంటీమీటర్లు. 24 క్రోమోసోములు గల సాధారణ కణంలో ఇది 26 సెంటీమీటర్లకు చేరుతుంది. కొద్ది మైక్రోమీటర్ల వ్యాసం గల కేంద్రకంలో ఇంత పొడవైన దారం ఇమడడానికి హిస్టోన్లు తోడ్పడతాయి. హెచ్2ఏ, హెచ్2బి, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున కలిసి ఎనిమిదింటి ముద్దగా ఏర్పడతాయి. దాని చుట్టూ 147 క్షార జంటల పొడవు గల డి.ఎన్.ఏ. చుట్టుకుంటుంది. ఈ ప్రమాణమే న్యూక్లియోసోము.

హిస్టోన్ల కొనలు న్యూక్లియోసోము నుంచి బయటకు పొడుచుకొని ఉంటాయి. ఆ కొనలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం అధికం. లైసినుకు ధనావేశం, డి.ఎన్.ఏ.కు ఋణావేశం ఉన్నందున అవి పరస్పరం ఆకర్షించుకుంటాయి. లైసినుకు ఎసిటైల్ సముదాయం చేరినప్పుడు దాని ధనావేశం తొలగి, పట్టు సడలుతుంది. అంతేగాక, ఎసిటైల్ గుర్తును గుర్తించే బ్రోమోడొమైన్ గల ప్రోటీన్లు అక్కడికి చేరి జన్యువును చదివే యంత్రాంగానికి తోడ్పడతాయి. మిథైల్ సముదాయం చేరడం ఇంతకంటె క్లిష్టమైనది. అది చేరిన స్థానాన్ని బట్టి జన్యువు చురుకుపడవచ్చు, లేదా మూగబోవచ్చు. హెచ్3లోని 4వ లైసినుపై మూడు మిథైల్ సముదాయాలు ఉండడం చురుకైన జన్యువులకు లక్షణం. 27వ లైసినుపై ఉండడం అణచివేతకు లక్షణం.

ఈ గుర్తులను పెట్టే ఎంజైములు, తీసివేసే ఎంజైములు కణంలోని జీవక్రియలతో ముడిపడి ఉన్నాయి. ఎసిటైల్ సముదాయాన్ని చేర్చే ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజులకు ఎసిటైల్ కోఎంజైమ్-ఏ ముడిసరుకు. మిథైల్ సముదాయాన్ని చేర్చే ఎంజైములకు ఎస్-ఎడినోసిల్ మిథియోనిన్ అవసరం. ఎసిటైల్ సముదాయాన్ని తొలగించే డీఎసిటైలేజులలో కొన్నింటికి జింకు, సిర్టుయిన్ తరగతి వాటికి ఎన్.ఏ.డి. కావాలి. ప్రయోగశాలలలో విరివిగా వాడే అరాబిడాప్సిస్ మొక్కలో 12 ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజులు, 18 డీఎసిటైలేజులు గుర్తింపు పొందాయి. డీఎసిటైలేజులలో హెచ్.డి.2 అనే తరగతి కేవలం మొక్కలకే పరిమితం. దానిని తొలుత మొక్కజొన్నలో కనుగొన్నారు.

ఎసిటైలీకరణ పెరగడానికి మూడు దారులు

ఒక రసాయనాన్ని ప్రయోగించిన తరువాత హిస్టోన్ల ఎసిటైలీకరణ పెరిగిందని గమనించినంత మాత్రాన, ఆ రసాయనం ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజును ఉత్తేజపరచిందని నిర్ణయించరాదు. ఈ అంశాన్ని వరి మడితో పోల్చి చూడవచ్చు. మడిలో నీటిమట్టం పెరిగినదంటే దానికి మూడు కారణాలు ఉండవచ్చు. మోటారు ఎక్కువ వేగంతో నీటిని తోడి ఉండవచ్చు. బావిలో ఊట పెరిగి, అదే మోటారుకు ఎక్కువ నీరు అంది ఉండవచ్చు. లేదా మడి నుంచి నీరు బయటకు పోయే తూమును మూసి ఉండవచ్చు. గట్టు మీద నిలబడి మట్టాన్ని కొలిచినవారికి మూడూ ఒకే విధంగా కనిపిస్తాయి.

హిస్టోన్ల విషయంలో మొదటి దారి, రసాయనం ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజుకు నేరుగా అతుక్కొని దాని వేగాన్ని పెంచడం. దీనినే కచ్చితమైన అర్థంలో ఉత్తేజనం అనాలి. రెండవ దారి, ఎసిటైల్ కోఎంజైమ్-ఏ వంటి ముడిసరుకు సరఫరా పెరగడం. క్షీరదాల కణాలలో ఎ.టి.పి. సిట్రేట్ లైయేజ్ అనే ఎంజైము ద్వారా గ్లూకోజు లభ్యతకూ హిస్టోన్ల ఎసిటైలీకరణకూ సంబంధం ఉన్నదని 2009లో నిరూపితమైంది. మూడవ దారి, డీఎసిటైలేజును నిరోధించడం. జపానులో మినోరు యోషిదా బృందం 1990లో ట్రైకోస్టాటిన్-ఏ ఈ విధంగా పనిచేస్తుందని తెలిపింది. పరిశోధన పత్రాలలోను, వాణిజ్య ప్రకటనలలోను ఈ మూడింటినీ ఉత్తేజనమనే ఒకే పేరుతో వ్యవహరించడం వలన గందరగోళం ఏర్పడుతున్నది.

నిరోధనం సులభం – ఉత్తేజనం కష్టం

ఎంజైమును నిరోధించడానికి దాని క్రియాస్థానాన్ని మూసివేస్తే చాలు. తాళంలో పుల్ల విరిగితే తాళం పనిచేయదు. ఆ పుల్ల తాళపుచెవిని పోలి ఉండవలసిన అవసరం కూడ లేదు. ఉత్తేజకం విషయం వేరు. అది క్రియాస్థానాన్ని ఆక్రమించకూడదు. ఆక్రమిస్తే అసలు పదార్థానికి చోటుండదు. అది ఎంజైముపై మరొక చోట అతుక్కొని, ఎంజైము ఆకృతిని మరింత చురుకైన స్థితికి మార్చాలి. పరిణామ క్రమంలో సానబట్టిన ఎంజైమును అంతకంటె వేగంగా పనిచేయించడం, దానిలో సహజంగానే ఏదో ఒక అదుపు ఉన్నప్పుడు మాత్రమే సాధ్యపడుతుంది.

అటువంటి సహజమైన అదుపులకు మంచి ఉదాహరణలు ఉన్నాయి. పి300 అనే ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజులో లైసిన్లతో నిండిన ఒక వంపు భాగం ఉన్నది. ఎంజైము తన అణువులకు తానే ఎసిటైల్ సముదాయాలను చేర్చుకొన్నప్పుడు ఆ వంపు వలన కలిగే నిరోధం తొలగుతుందని 2004లో ఫిలిప్ కోల్ బృందం చూపింది. హెచ్3లోని 27వ లైసినుకు మిథైల్ సముదాయాలను చేర్చే పి.ఆర్.సి.2 సంక్లిష్టంలోని ఇ.ఇ.డి. అనే భాగం, అప్పటికే ఏర్పడిన మిథైల్ గుర్తును పట్టుకొన్నప్పుడు సంక్లిష్టం వేగం పెరుగుతుందని 2009లో వెల్లడైంది. మానవులలోని హెచ్.డి.ఏ.సి.3 అనే డీఎసిటైలేజుకు, దాని సహచర ప్రోటీనుకు మధ్య ఇనోసిటాల్ టెట్రాఫాస్ఫేట్ అనే చిన్న అణువు జిగురువలె నిలిచి ఉన్నదని 2012లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ష్వాబె బృందం స్ఫటిక నిర్మాణం ద్వారా తెలియజేసింది. చిన్న అణువులతో ఇటువంటి ఎంజైములను చురుకుపరచడం ప్రకృతిలోనే ఉన్నదని ఈ పరిశోధనలు సూచిస్తాయి. కావున ఉత్తేజకాల అన్వేషణ నిరాధారమైనది కాదు, కష్టసాధ్యమైనది మాత్రమే.

జీడిపిక్క పెంకు నుంచి ఉత్తేజకం

ఈ రంగంలో తొలి ఉత్తేజకాలలో ఒకటి భారతదేశంలో, అదీ ఒక తోట పంట ఉప ఉత్పత్తి నుంచి రూపొందడం విశేషం. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో జీడిపిక్కలను ఒలిచే స్త్రీలకు పెంకులోని నూనె సుపరిచితమే. అది తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి. ఆ పెంకు ద్రవంలో ప్రధానమైనది ఎనకార్డిక్ ఆమ్లం. నిర్మాణరీత్యా అది సాలిసిలిక్ ఆమ్లానికి 15 కార్బన్ల పొడవైన తోక అతికిన అణువు. పిక్కలను వేడిచేసినప్పుడు దీని నుంచి కార్బన్ డయాక్సైడు తొలగి కార్డనాల్ ఏర్పడుతుంది. రంగులు, రెసిన్లు, బ్రేకు లైనింగుల పరిశ్రమలలో ఉపయోగించేది ఈ రూపమే.

బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్రీయ పరిశోధన కేంద్రంలో తపస్ కుందు బృందం 2003లో, ఎనకార్డిక్ ఆమ్లం పి300, పి.సి.ఏ.ఎఫ్. అనే రెండు ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజులను కొద్ది మైక్రోమోలార్ల గాఢత వద్దనే నిరోధిస్తుందని ప్రకటించింది. అదే పత్రంలో మరొక ఆశ్చర్యకరమైన ఫలితం ఉన్నది. ఆ ఆమ్లాన్ని ఆధారంగా తీసుకొని తయారుచేసిన అమైడ్ ఉత్పన్నాలలో ఒకటి, సి.టి.పి.బి., పి300ను నిరోధించడానికి బదులు ఉత్తేజపరచింది, పి.సి.ఏ.ఎఫ్.పై మాత్రం ప్రభావం చూపలేదు. ఒకే మూలపదార్థం నుంచి వచ్చిన రెండు అణువులు ఒకే ఎంజైముపై పరస్పర విరుద్ధంగా పనిచేయడం, ఒకటి ఒక ఎంజైముకే పరిమితం కావడం గమనార్హం. అదే బృందం 2004లో కోకం కాయలోని గార్సినాల్‌ను, పసుపులోని కర్క్యుమిన్‌ను ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజుల నిరోధకాలుగా నివేదించింది.

అయితే పరీక్షనాళికలో పనిచేసిన సి.టి.పి.బి. కణంలోనికి తగినంతగా చేరలేదు. గ్లూకోజు నుంచి తయారైన కార్బన్ నానోగోళాలకు జతపరచి దానిని కణాలలోనికి చేర్చగలిగారు. తరువాత పొడవైన కార్బన్ తోకను తొలగించి టి.టి.కె.21 అనే అణువును రూపొందించారు. నానోగోళాలకు జతపరచిన ఈ అణువును ఎలుకలకు ఇచ్చినప్పుడు అది మెదడుకు చేరి, అక్కడ హిస్టోన్ల ఎసిటైలీకరణను పెంచిందని, జ్ఞాపకశక్తికి సంబంధించిన కణాల పెరుగుదలకు తోడ్పడిందని 2013లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలతో కలిసి ప్రచురించారు. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన సిమోన్ డి జొవాన్ని బృందం 2019లో, వెన్నుపాము గాయపడిన ఎలుకలలో నాడీతంతువుల పెరుగుదలతో పాటు కదలికలలోనూ మెరుగుదలను నివేదించింది. అదే పరిశోధనా పరంపరలో 2022లో తీవ్రమైన గాయం తగిలిన 12 వారాల తరువాత చికిత్సను ఆరంభించినప్పుడు, నాడీతంతువులు పెరిగాయి గాని నడకలో మెరుగుదల కనిపించలేదు. ఎంజైము ఉత్తేజితం కావడం, కణం స్పందించడం, జీవికి ప్రయోజనం కలగడం – ఈ మూడూ వేర్వేరు మెట్లని, ఒక మెట్టులోని విజయం తరువాతి మెట్టుకు హామీ కాదని ఈ ఫలితం తెలుపుతుంది. పంట విషయంలో ఇదే వరుస ఎంజైము, మొక్క, దిగుబడిగా మారుతుంది.

రెస్వెరట్రాల్ ఉదంతం

ద్రాక్షలోను, శిలీంధ్రాల దాడికి గురైన వేరుశనగలోను ఏర్పడే రెస్వెరట్రాల్ అనే పదార్థం సిర్ట్1 అనే డీఎసిటైలేజును ఉత్తేజపరుస్తుందని 2003లో కాన్రాడ్ హోవిట్జ్, డేవిడ్ సింక్లెయిర్ తదితరులు ప్రచురించారు. ఈస్టులో ఆయుర్దాయం పెరిగిందని కూడ ఆ పత్రం పేర్కొన్నది. ప్రపంచవ్యాప్తంగా ఆసక్తి చెలరేగింది. ఈ తరహా ఉత్తేజకాలను అభివృద్ధి చేస్తున్న సంస్థను 2008లో ఒక పెద్ద ఔషధ సంస్థ సుమారు 72 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

అయితే 2005లోనే రెండు ప్రయోగశాలలు ఒక లోపాన్ని ఎత్తి చూపాయి. తొలి పరీక్షలో వాడినది సహజ హిస్టోన్ కాదు; వెలుగునిచ్చే రంగుపదార్థాన్ని అతికించిన చిన్న పెప్టైడు ముక్క. రంగుపదార్థాన్ని తొలగించి అదే పెప్టైడుతో పరీక్షించినప్పుడు ఉత్తేజనం కనిపించలేదు. 2010లో మరొక ప్రయోగశాల, రెస్వెరట్రాల్ కంటె శక్తిమంతమైనవని చెప్పిన ఇతర అణువుల విషయంలోనూ ఇదే పరిస్థితి ఉన్నదని నివేదించింది. కొలిచే సాధనమే ఫలితాన్ని సృష్టిస్తున్నదేమోనన్న అనుమానం బలపడింది.

ఈ ఉదంతం అక్కడితో ముగిసిపోలేదు. 2013లో సింక్లెయిర్ బృందం, కొన్ని సహజ ప్రోటీన్ల భాగాలు తగిన స్థానంలో ట్రిప్టోఫాన్, టైరోసిన్ వంటి జలవికర్షక అమైనో ఆమ్లాలను కలిగి ఉన్నప్పుడు రంగుపదార్థం లేకుండానే ఉత్తేజనం సాధ్యమని చూపింది. అంతకంటె ముఖ్యంగా, సిర్ట్1లోని 230వ స్థానంలో ఉన్న గ్లుటామిక్ ఆమ్లాన్ని మార్చినప్పుడు ఉత్తేజనం తొలగిపోయింది. ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్పుతో ప్రభావం మాయమవడం, అణువు ఎంజైముపైనే పనిచేస్తున్నదనడానికి బలమైన నిదర్శనం. దీనిని బట్టి తొలి ప్రకటన పూర్తిగా నిజమూ కాదు, పూర్తిగా అసత్యమూ కాదు. ఉత్తేజనం అన్ని పదార్థాలపై కాక కొన్నింటిపైనే జరుగుతుంది. ఈ చిన్న నిర్ధారణకు పది సంవత్సరాలు పట్టడానికి కారణం, మొదటి పరీక్షలో సహజ పదార్థాన్ని వాడకపోవడమే.

మొక్కలలో పరిశోధనలు

మొక్కల విషయంలో ప్రస్తుతం బలమైన ఆధారాలు ఉన్నవి ప్రధానంగా రెండవ, మూడవ దారులకే. రెండవ దారికి ముఖ్యమైన ఉదాహరణ జపానులోని రికెన్ సంస్థకు చెందిన జోంగ్-మ్యోంగ్ కిమ్, మొతోఆకి సెకి బృందం 2017లో ప్రచురించిన పరిశోధన. హెచ్.డి.ఏ.6 అనే డీఎసిటైలేజు లోపించిన అరాబిడాప్సిస్ మొక్కలు బెట్టను ఎక్కువగా తట్టుకొన్నాయి. కారణం అన్వేషించగా, మామూలు మొక్కలలో ఈ ఎంజైము ఎసిటేటును తయారుచేసే జన్యువులను అణచి ఉంచుతున్నదని, బెట్ట సమయంలో వాటి నుంచి తొలగిపోతున్నదని తేలింది. ఏర్పడిన ఎసిటేటు హిస్టోన్ హెచ్4 ఎసిటైలీకరణకు తోడ్పడి, జాస్మోనిక్ ఆమ్ల సంకేత మార్గాన్ని సిద్ధపరచింది. బయటి నుంచి ఎసిటిక్ ఆమ్లాన్ని అందించినప్పుడు వరి, గోధుమ, మొక్కజొన్న, ఆవజాతి మొక్కలు కూడ బెట్టను మెరుగ్గా తట్టుకొన్నాయి. జాస్మోనేట్ సంకేతాన్ని గ్రహించే సి.ఒ.ఐ.1 లోపించిన మొక్కలలో ఈ ప్రయోజనం కనిపించకపోవడం, ప్రతిపాదించిన మార్గానికి బలం చేకూర్చింది.

మూడవ దారికి రెండు ఉదాహరణలు చెప్పవచ్చు. 2016లో అదే సంస్థ పరిశోధకులు కె.వై.-2 అనే డీఎసిటైలేజు నిరోధకం అరాబిడాప్సిస్ మొక్కలలో చౌడు సహనాన్ని పెంచిందని నివేదించారు. 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ట్రైకోస్టాటిన్-ఏను ఆవజాతికి చెందిన బ్రాసికా నాపస్ పుప్పొడి తొలిదశ కణాలపై ప్రయోగించి, వాటి నుంచి పిండాల ఉత్పత్తిని పెంచగలిగారు. ఒకే సమితి క్రోమోసోములు గల ఏకస్థితిక మొక్కలను పొంది, వాటి నుంచి శుద్ధ వంశక్రమాలను త్వరగా రూపొందించే ప్రజనన శాస్త్రవేత్తలకు ఇది ఉపయోగకరమైనది.

రసాయనంతో పనిలేకుండా ఎంజైము శక్తిని పెంచడం జన్యుశాస్త్రం ద్వారానూ సాధ్యమే. వరిలో జి.డబ్ల్యు.6ఏ అనే స్థానంలోని జన్యువు ఒక హిస్టోన్ హెచ్4 ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజును తయారుచేస్తుందని 2015లో వెల్లడైంది. ఆ జన్యువు ఎక్కువగా వ్యక్తమయ్యే అరుదైన రూపాంతరం వరి పొట్టులోని కణాల సంఖ్యను, గింజ నిండే వేగాన్ని పెంచి, గింజ బరువును అధికం చేసింది. ఎంజైము సామర్థ్యం పెరిగితే దిగుబడిలో మార్పు రాగలదని తెలిపే నిదర్శనం ఇది. రసాయనిక ఉత్తేజకాల అన్వేషణకు ఇది దన్నుగా నిలుస్తూనే, అదే ఫలితాన్ని విత్తనంలోనే పొందవచ్చునన్న ప్రత్యామ్నాయాన్నీ సూచిస్తున్నది.

ఉత్తేజకమని నిర్ధారించడానికి అవసరమైన పరీక్షలు

పై ఉదాహరణల నుంచి స్నాతకోత్తర విద్యార్థులు, పరిశోధకులు పాటించదగిన క్రమాన్ని ఈ విధంగా పేర్కొనవచ్చు.

మొదటిది, సహజ పదార్థంతో పరీక్ష. కృత్రిమ పెప్టైడుతో పాటు పూర్తి హిస్టోన్లపై, వీలైతే న్యూక్లియోసోములపై, కనీసం రెండు భిన్న పద్ధతులతో వేగాన్ని కొలవాలి. ట్రిటియం గుర్తు గల ఎసిటైల్ కోఎంజైమ్-ఏతో ఒకటి, ద్రవ్యరాశి వర్ణపటమాపనంతో మరొకటి తగినవి.

రెండవది, అతుక్కోవడానికి ప్రత్యక్ష నిదర్శనం. అణువు ఎంజైముకు అతుక్కొన్నప్పుడు వెలువడే ఉష్ణాన్ని కొలవడం వంటి పద్ధతుల ద్వారా బంధాన్ని నేరుగా చూపాలి.

మూడవది, మార్పుచెందిన ఎంజైము. అణువు అతుక్కొనే చోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చినప్పుడు ఉత్తేజనం తొలగిపోవాలి. సాధారణ వేగం మాత్రం నిలిచి ఉండాలి.

నాలుగవది, నిష్క్రియ సహోదర అణువు. దాదాపు అదే నిర్మాణం కలిగి, ఉత్తేజన శక్తి లేని అణువును ప్రతి ప్రయోగంలోను తోడుగా వాడాలి. ఎనకార్డిక్ ఆమ్లం వంటి పొడవైన తోక గల అణువులు సబ్బువలె నీటిలో గుంపులుకట్టి ఎంజైములకు విచక్షణ లేకుండా అంటుకొనే ప్రమాదం ఉన్నది. పరీక్ష ద్రావణంలో కొద్దిపాటి డిటర్జెంటు కలిపినప్పటికీ ప్రభావం నిలుస్తున్నదో లేదో చూడాలి. కర్క్యుమిన్ అనేక రకాల పరీక్షలలో తప్పుడు ఫలితాలనిస్తుందని 2017లో వెలువడిన విస్తృత సమీక్ష హెచ్చరించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఐదవది, ఎంజైము లోపించిన మొక్క. ఆ ఎంజైము లేని మొక్కపై రసాయనం ప్రభావం చూపకూడదు. చూపినట్లయితే అది మరొక దారిలో పనిచేస్తున్నదని అర్థం. మొక్కల పరిశోధకులకు ఉత్పరివర్తన వంశక్రమాలు సులభంగా లభిస్తున్నందున, అన్నింటికంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ సమాచారమిచ్చే పరీక్ష ఇదే.

ఆరవది, గుర్తు పడిన చోటు. మొత్తం ఎసిటైలీకరణ పెరిగిందని చెప్పడం చాలదు. క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ ద్వారా ఏ జన్యువుపై, ఏ లైసిను వద్ద గుర్తు పెరిగిందో, ఆ జన్యువు వ్యక్తీకరణ అదే సమయంలో మారిందో లేదో చూడాలి.

పొలం స్థాయిలో పరీక్ష

ప్రయోగశాలలో ఆరు పరీక్షలూ నెగ్గిన పదార్థం కూడ పొలంలో ప్రయోజనకరమని చెప్పడానికి వీలులేదు. ఎసిటిక్ ఆమ్లాన్నే ఉదాహరణగా తీసుకొంటే, అధిక గాఢతలో అది కలుపు మొక్కలను మాడ్చే మందుగా వాడుకలో ఉన్నది. మేలుచేసే మోతాదుకు, హానిచేసే మోతాదుకు మధ్య గల దూరాన్ని ప్రతి పంటకు, ప్రతి దశకు వేరుగా నిర్ణయించాలి. క్షేత్ర ప్రయోగంలో నీరు మాత్రమే పోసిన మడితో పాటు, అదే ఉదజని సూచిక గల మరొక ఆమ్లాన్ని పోసిన మడి కూడ ఉండాలి. లేనిపక్షంలో నేల ఆమ్లత్వం వలన కలిగిన ప్రభావాన్ని ఎసిటేటు ప్రభావంగా పొరబడే అవకాశమున్నది. సున్నపురాయి అధికంగా గల నల్లరేగడి నేలలు ఆమ్లాన్ని వెంటనే తటస్థపరుస్తాయి. ఎర్ర ఇసుక నేలలలో పరిస్థితి భిన్నం. కుండీలలోని ఫలితాన్ని ఈ నేలలకు యథాతథంగా వర్తింపజేయరాదు.

ఒత్తిడి లేని సంవత్సరంలో దిగుబడి ఎట్లుంటుందన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. బెట్టను ఎదుర్కొనే జన్యువులను ముందుగానే సిద్ధపరచడానికి మొక్క కొంత శక్తిని వెచ్చిస్తుంది. వానలు సకాలంలో కురిసిన సంవత్సరంలో ఆ వ్యయం దిగుబడిని తగ్గించవచ్చు. కావున యాదృచ్ఛిక ఖండికల పద్ధతిలో, తగినన్ని పునరావృతాలతో, వేర్వేరు ప్రదేశాలలో, బెట్ట ఉన్న, లేని పరిస్థితులు రెండింటిలోను పరీక్షించిన తరువాతనే సిఫారసు చేయాలి.

భారత ప్రభుత్వం 2021లో జీవ ఉత్ప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోనికి తీసుకువచ్చింది. దీని ప్రకారం ఉత్పత్తిదారులు తమ పదార్థం కూర్పును, సామర్థ్యాన్ని, భద్రతను తెలిపే సమాచారాన్ని సమర్పించవలసి ఉంటుంది. అయితే దిగుబడి పెరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఏ విధంగా పెరిగిందన్నది మరొక ప్రశ్న. జన్యువులను మేల్కొలుపుతుంది, హిస్టోన్లను ఉత్తేజపరుస్తుంది అనే మాటలు సీసాల అట్టలపై కనిపించినప్పుడు, రైతు వాటిని తనిఖీ చేయలేడు. కౌలు, విత్తనం, ఎరువుల ఖర్చులతో సతమతమయ్యే రైతు ఎకరాకు మరొక పిచికారీ ఖర్చును భరించాలా వద్దా అని నిర్ణయించుకొనేది విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త, వ్యవసాయ అధికారి చెప్పే మాటను బట్టియే. కావున ఆ మాటకు ముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి: పరీక్షలో వాడినది సహజ హిస్టోనేనా? ఎంజైము లోపించిన మొక్కలో ఏమి జరిగింది? ఎన్ని ప్రదేశాలలో, ఎన్ని పంటకాలాలలో పరీక్షించారు? ఒత్తిడి లేనప్పుడు దిగుబడి ఎంత?

ముగింపు

హిస్టోన్ సవరణ ఎంజైములను రసాయనాలతో ఉత్తేజపరచడం సాధ్యమేనని పి300, సిర్ట్1 పరిశోధనలు తెలుపుతున్నాయి. ఎసిటైలీకరణ స్థాయి పెరిగినప్పుడు మొక్క బెట్టను, చౌడును మెరుగ్గా తట్టుకోగలదని అరాబిడాప్సిస్, వరి పరిశోధనలు చూపుతున్నాయి. ఈ రెండింటి మధ్య గల వంతెన, అనగా పంట మొక్కలోని ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజుకు నేరుగా అతుక్కొని, పై పరీక్షలన్నింటిలోను నెగ్గి, పొలంలో ప్రయోజనమిచ్చే ఉత్తేజకం, నిర్మించవలసి ఉన్నది. వరిలోని ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజులను విడిగా తయారుచేసి, జీడిపెంకు ద్రవం వంటి స్థానికంగా లభించే వనరుల నుంచి రూపొందించిన అణువులతో పరీక్షించడం స్నాతకోత్తర పరిశోధనకు తగిన అంశం. అటువంటి పరిశోధనలో నిరోధకాలు లభించినా, ప్రభావం లేదని తేలినా, ఆ ఫలితాలను కూడ ప్రచురించాలి. ఎసిటైలీకరణ పెరిగిందన్న ఒక్క కొలతతో ఉత్తేజకమనే పేరు పెట్టడం మాత్రం మానాలి.